తలకిందుల పాలపిట్ట

సుబేదారి, హనుమకొండ.

మహారాజశ్రీ బాపు గారి పాదాలకు మీ కొడుకు రమేశ్ వంగి, నడుము పట్టేసేదాకా నమస్కరించి రాసుకునేది. నేను బాగున్నాను. మీరు, అమ్మ, దుకాణం మెట్ల మీద పడుకునే కుక్క, ముగ్గురూ బాగున్నారని అనుకుంటున్నాను.

ముందుగా క్షమాపణ. ఈ ఉత్తరంలో ఘోరాలు వరుసగా రాబోతున్నాయి. మీ కొడుకు పట్టపగలు టెలిస్కోపు పెట్టి ఊరి కరెంటు తీగలన్నీ గాలించాడు. పండుగపూట ఒక పెద్దమనిషిని కుర్చీతో సహా బాల్కనీలోకి లాగాడు. ఒక పక్షిని తలకిందులు చేశాడు. అమ్మ గుండె గట్టి చేసుకుని వినాలి. ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటారేమో. రెండో మాటకే మీరు "గిరాకి అచ్చింది, పెడ్తాన" అంటారు. కాగితానికి ఆ బాధ లేదు.

తొర్రూరు ఒక్క బస్సు దూరమే అయినా నాకు దేశాంతరం వచ్చినట్టే ఉంది. మొదటి నెల గదిలోని బల్లితో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు. ఎండ ఇంకా తగ్గలేదు. వంట నేనే చేసుకుంటున్నాను, ఇంకా బతికే ఉన్నాను. సబ్‌స్టేషన్‌లో అన్నీ రాత్రి డ్యూటీలే. అందుకే నక్షత్రాల కోసం కొన్న నా టెలిస్కోపును, అదే మీరు తూముగొట్టమని పేరు పెట్టినదాన్ని, పగలు పిట్టలకు తిప్పాను.

ఒక్కటే లోపం. అందులో అంతా తలకిందులుగా కనబడుతుంది. నక్షత్రానికి తలా కాళ్లూ లేవు కాబట్టి చేసినవాడు ఫికర్ పెట్టుకోలేదు. కాకి మాత్రం గబ్బిలంలా తీగకు వేలాడుతుంది. అయినా ఏం చూపు బాపూ! పావురం మెడ మీది ఆకుపచ్చ, ఊదా రంగులు ఈకకు ఈక విడిగా కనబడతాయి. గోరింక కంటి పక్క పసుపును ఎవరో కూర్చుని తీరిగ్గా దిద్దినట్టుంటుంది. తొర్రూరులో రోజూ చూసిన పిట్టలే ఇవి. అప్పుడు చూశానని అనుకున్నానంతే.

ఇక అసలు సంగతి. మా ఇంటి ఓనరు లచ్చమ్మవ్వ పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఒక్క దసరా కూడా పాలపిట్టను చూడకుండా ఉండలేదట. ఈసారి మోకాలి ఆపరేషన్ అయింది, మెట్లు దిగొద్దని డాక్టరు చెప్పాడు. పండుగనాడు మధ్యాహ్నం నుంచి బాల్కనీ వైపు చూస్తూ అన్నం ముట్టలేదు. బాల్కనీ నుంచి దూరపు తీగల మీద కనిపించేవి చుక్కలే. నేను అవ్వను కుర్చీతో సహా బాల్కనీలోకి లాగి, గొట్టం తెచ్చి ముందు నిలబెట్టాను.

కోడలు సుజాతక్కకు అనుమానం వచ్చింది. "తలకిందుల పిట్టను సూస్తే శుభం గూడ తలకిందులైతదేమో అత్తమ్మా!"

"మనమంతా తలకిందులనే పుట్టినమే. బతుకుతలేమా?" అంది అవ్వ. సుజాతక్క లోపలికెళ్లి టీ పెట్టింది.

కనిపించిన ప్రతి చుక్కకూ గురిపెట్టడం నా పని, చూసి తేల్చడం అవ్వ పని. అవ్వ కుడికి అంటే నేను ఎడమకు జరపాలి, మీదికి అంటే కిందికి. మొదటిది కాకి. రెండోది వచ్చి వాలుతుంటే నీలం మెరిసింది. "పాలపిట్ట!" అని అరిచాను.

"ఆగు పిలగా. మూతి ఎర్రగ, లావుగ ఉన్నది. గిది లకుముకి. ముసల్దాన్ని మోసం జేస్తానవా?"

మూడో చుక్క చాలా దూరం. సూర్యుడు ఇంటి వెనక దిగుతున్నాడు, వెలుగంతా తీగల మీదే ఉంది. కింద ఆటో పోయినప్పుడల్లా గొట్టం వణుకుతోంది. నేను నేల మీద కూర్చుని స్టాండు కాళ్లు రెండు చేతులా బిగించి పట్టుకున్నాను. ఫోకస్ అవ్వే తిప్పుకుంది.

"నెత్తి నీలం. బొండిగ మీద చారలు. అచ్చినవా తల్లీ," అంది మెల్లగా. ఉన్నట్టుండి కేక. "మీదికి లేచింది పిలగా! రెక్కలిప్పింది! ఎంత నీలమున్నదో!"

పాలపిట్ట తీగ మీది నుంచి మిడత కోసం నేలకు దూకుతుంది. నా గొట్టంలో అది ఆకాశానికి ఎగిరినట్టు కనబడుతుంది. ఆ సంగతి అవ్వకు చెప్పలేదు. ఆమె నన్ను వదిలేసి గొట్టాన్ని నిమిరి, "సల్లగుండు" అని దీవించింది. తర్వాత రెండుసార్లు అన్నం పెట్టించుకుంది. అంత శ్రద్ధగా చూసే మనిషిని నేను ఇంతవరకు చూడలేదు బాపూ.

అమ్మ చింతకాయ తొక్కు, గొట్టానికి కప్పడానికి ఒక పాత దుప్పటి పంపాలి. పెద్దనాయనకు, పెద్దమ్మకు నా దండాలు. అవ్వ దీవెన గొట్టానికి పోయింది కాబట్టి మీ దీవెన నాకు మిగల్చాలని కోరుతూ,

మీ రమేశ్

తా.క. పైన ఒప్పుకున్నవేవీ తప్పులు కావని నాకూ తెలుసు. అసలు తప్పు ఇది. అవ్వ ఇంకా సంబరపడుతుండగానే మీ ఫోన్ వచ్చింది. "పాలపిట్టను సూసినవా బిడ్డా? నేను దుకాణం ఇడిసి కదల్లేకపోయిన. మీ అమ్మ పొయ్యికాడ్నే ఉన్నది," అన్నారు. "నిండుగ సూసిన బాపూ," అన్నాను. "గంతే సాలు. నువ్వు సూస్తే మేం సూసినట్టే," అని పెట్టేశారు. నేను చూడలేదు. స్టాండు కాళ్లు పట్టుకుని కూర్చున్నవాడికి కనబడింది అవ్వ చీర అంచు. లేచేసరికి తీగ ఖాళీ. ఈ దసరాకు మన ఇంటిల్లిపాదికీ కలిపి పాలపిట్టను చూసింది లచ్చమ్మవ్వ ఒక్కతే, అదీ తలకిందులుగా.