ముందు చక్రాల మీద ఇరవై ఒక్క రోజుల మౌనం

జులై 7, సోమవారం. ఉదయం 6:10

ఒకటో రోజు!

బేరింగుల కంపెనీవాళ్లు జనవరిలో ఇచ్చిన డైరీ ఇది. ఆరు నెలలుగా టీ గ్లాసు కింద పెట్టుకుంటున్నాను. ఇవాళ దీనికి పని దొరికింది.

తీర్మానం: ఇరవై ఒక్క రోజులు ట్రాక్టరు ముందు చక్రాల గురించి నోరెత్తను.

నవ్వేవాళ్లు నవ్వుకోండి. సిద్దిపేటలో పాత ట్రాక్టర్ల సామాను అమ్మే రాజశేఖర్‌ని నేను. మా దుకాణం గోడకు ఆనుకునే షబ్బీర్ భాయ్ షెడ్డు. సామాను నాది, పానా ఆయనది. పదిహేనేళ్ల జోడీ. గొడవ ఒక్కటే. తాతల కాలం ట్రాక్టర్లలో రెండు రకాలు. ఒకదానికి ముందు చక్రాలు రెండూ ముక్కు కింద జంటగా ఉంటాయి. అవి దగ్గర చక్రాలు. ఇంకోదానికి ఒక్కోటి ఒక్కో పక్కన, వెడల్పుగా. అవి దూరం చక్రాలు. షబ్బీర్ భాయ్ దగ్గర చక్రాల మనిషి. సాలు చివర ఒక్క తిప్పుకే తిరుగుతుందంటాడు. నేను దూరం చక్రాల మనిషిని. పక్కకు ఒరగకుండా ఇంటికి వస్తుందంటాను.

మొన్న కోహెడ నుంచి ఒక రైతు వచ్చి, ఏది బిగించుకోమంటారని అడిగాడు. రెండు గంటలు వాదించుకున్నాం. తీరా చూస్తే రైతూ లేడు, ట్రాక్టరూ లేదు!

షబ్బీర్ భాయ్ పానా నేలకేసి కొట్టాడు. "ఇంకొక్కసారి నా పనిల నోరు పెడితే షెడ్డు ఖాళీ జేసి కోహెడకే పోత సేటూ. ఖసమ్ సే!"

ఆయన వెళ్లిపోతే నా బోల్టులు ఎవరు కొంటారు? అది అటుంచితే, మధ్యాహ్నం నేను ఎవరితో కూర్చుని తినాలి?

నియమాలు:
1. ముందు చక్రాల మాట ఎత్తకూడదు.
2. ఎవరైనా అడిగితే: "షబ్బీర్ భాయ్‌ని అడుగు."
3. తల ఊపకూడదు. (10:40కి చేర్చాను.)
4. కనుబొమ్మలు కూడా. (10:55.)

జులై 8, మంగళవారం. సాయంత్రం 7:00

రెండో రోజు. అద్భుతం! ఇద్దరు కస్టమర్లు వచ్చారు. ఇద్దరినీ షబ్బీర్ భాయ్ దగ్గరికి పంపాను. మౌనంగా ఉండేవాళ్ల మొహంలో ఒక కళ ఉంటుందంటారు. అద్దంలో చూసుకున్నాను. ఉంది.

ఇది అయ్యాక కోపం మానేస్తాను, ఆ తర్వాత చక్కెర మానేస్తాను అని మా ఆవిడ మనీషకు చెప్పాను.

"ముందుగాల గిది కానియ్యి" అంది.

జులై 10, గురువారం

నాలుగో రోజు. వెనక చక్రాల గురించి మాట్లాడాను. నలభై నిమిషాలు. తప్పేం లేదు, తీర్మానంలో ముందు చక్రాలు అనే ఉంది. ఒకటో పేజీ తీసి మనీషకు చూపించాను.

"నలభై నిమిషాలు వెనుకనే ఉన్నవా? నడుమ ఒక్కసారన్న ముందటికి పోలేదా?"

జవాబు చెప్పలేదు. మౌనం కదా!

జులై 11, శుక్రవారం

మధ్యాహ్నం 1:10. షబ్బీర్ భాయ్ జుమ్మా నమాజుకు వెళ్లాడు. అదే సమయానికి ఒక కస్టమర్. ఒక్క మాట మాట్లాడలేదు. సుద్దముక్క తీసుకుని షెడ్డు గోడ మీద ఒక వాలు, దాని మీద దగ్గర చక్రాల ట్రాక్టరు, దాని కింద డ్రైవరు గీశాను. బొమ్మ గీయడం మాట్లాడటం కాదు.

2:05. షబ్బీర్ భాయ్ వచ్చి చూశాడు. ఒక్క మాట అనకుండా గుడ్డతో తుడిచేశాడు. జేబులోంచి సుద్దముక్క తీశాడు! ఒక పత్తి చేను గీసి, సాలు చివర దూరం చక్రాల ట్రాక్టరు తిరగలేక నాలుగు మొక్కలు తొక్కుతున్నట్టు గీశాడు. మొక్కలకు కళ్లు, కన్నీళ్లు కూడా పెట్టాడు.

5:30. గోడ మీద పద్నాలుగు బొమ్మలు. సుద్ద అయిపోయింది.

ఈరోజు లెక్క: మాటలు సున్నా. నేను గెలిచినట్టే.

జులై 13, ఆదివారం. వర్గల్

మనీష వాళ్ల చిన్నమ్మ మనవడికి సరస్వతమ్మ గుడిలో అక్షరాభ్యాసం. పిల్లాడి వేలు పట్టుకుని బియ్యంలో రాయిస్తున్నారు. ఎంత ప్రశాంతం! నా పక్కన తోడల్లుడు లక్ష్మీరాజం కూర్చుని, "దందా ఎట్ల నడుస్తుందన్నా?" అన్నాడు, మర్యాదకు.

ఆయనకు సైకిల్ కూడా లేదు. గంటా పది నిమిషాలు చెప్పాను. ఆయన చేతిలో ప్రసాదం చేతిలోనే ఎండిపోయింది.

సవరణ: తీర్మానం సిద్దిపేట పట్టణానికి మాత్రమే వర్తిస్తుంది. వర్గల్ లెక్కలోకి రాదు.

జులై 14, సోమవారం

తీర్మానం సంగతీ, వర్గల్ సంగతీ మనీష ద్వారా షబ్బీర్ భాయ్‌కి తెలిసిపోయాయి. ఇంట్లోనే శత్రువులు.

"ఇరవై ఒక్కటి కాదు సేటూ, ఒక్క దినం గుడ నీతోని కాదు. నీ నోరు ఊకుంటే చెయ్యి ఊకుంటలేదు, ఆ గోడ చూడు."

నవ్వాడు. ఆ నవ్వు నాకు ఒంటిమీద కారం చల్లినట్టుంది. సరే! ఈసారి దేవుడు దిగొచ్చి అడిగినా చెప్పను.

జులై 15, మంగళవారం

తొమ్మిదో రోజు. ఇది బంగారు అక్షరాలతో రాయాల్సిన రోజు.

ఉదయం 11:00. కొండపాక నుంచి అంజవ్వ వచ్చింది. అరవైకి దగ్గర. భర్త పోయి రెండేళ్లు. ఆయన పాత ట్రాక్టరు తనే నడుపుతుంది, తిట్లు కూడా ఆయన తిట్లే. అది దగ్గర చక్రాలది. ముందు భాగం విరిగిపోతే ట్రాలీలో వేసుకుని తెచ్చింది. పాతదే బాగు చేయించుకోవచ్చు, లేదా నా దుకాణంలో ఉన్న, దూరం చక్రాలకు పట్టే వెడల్పు ఇరుసు వేయించుకోవచ్చు.

నేరుగా నా దగ్గరికే వచ్చింది. "దగ్గరియే మల్ల ఏసుకోవాల్నా, దూరంయి పెట్టుకోవాల్నా? నువ్వు చెప్పు కొడుకా. నీకు నా చేను ఎర్కే."

ఎరుకే. ఆయన ఉన్నప్పుడు ఒకసారి వెళ్లాను. చేను చివర నాలుగు సాళ్లు వాగులోకి వాలి ఉంటాయి. ఈ చక్రాలతో ఒరిగిపోతుందని ఆయన ఆ నాలుగు సాళ్లకు ట్రాక్టరు తీసుకెళ్లేవాడు కాదు, ఎడ్లను కట్టేవాడు. ఆ మాట నాతో చెప్పాడు. ఆమెతో చెప్పినట్టు లేదు. ఇప్పుడు ఎడ్లు లేవు, మొన్న ఎండాకాలంలోనే అమ్మేసింది.

షబ్బీర్ భాయ్ పానా పట్టుకుని నన్నే చూస్తున్నాడు. అదే నవ్వు.

"నాకు తెల్వదవ్వా. షబ్బీర్ భాయ్‌ని అడుగు" అన్నాను.

తెలియదు! నలభై నాలుగేళ్లలో మొదటిసారి నా నోటి నుంచి ఆ మాట! షబ్బీర్ భాయ్ నవ్వు ఆగిపోయింది. పాతదే బాగు చేసి బిగించాడు.

జులై 16, బుధవారం

పదో రోజు. షబ్బీర్ భాయ్ తనే చాయ్ తెచ్చిచ్చాడు. "మాన్‌గయే సేటూ, గెలిచినవ్" అన్నాడు. మనీష సర్వపిండి చేసింది. సన్మానం ఒక్కటే తక్కువ.

ఆ నాలుగు సాళ్ల సంగతి రెండుసార్లు గుర్తొచ్చింది. ఆమె అంత చివరిదాకా వెళ్లదులే.

జులై 19, శనివారం

11:30. ఫోన్. అంజవ్వ ట్రాక్టరు వాగు దగ్గర పక్కకు ఒరిగిపోయింది. ఆమె దూకేసింది. మణికట్టు విరిగింది. ప్రాణం ఉంది.

ప్రాణం ఉంది. ఇంకోసారి రాస్తే నాకు ధైర్యంగా ఉంది.

1:15. సిద్దిపేట దవాఖాన. నేను, షబ్బీర్ భాయ్ ఒకే బండి మీద వెళ్లాం. చేతికి కట్టు కట్టి పడుకోబెట్టారు. నన్ను చూడగానే లేచి కూర్చుంది.

"చాయ్ ఏడ దొరుకుతదంటే అర్ధగంట చెప్పే మనిషివి. గా దినం అడిగితే తెల్వదంటివి. నిజంగ తెల్వదా?"

"తెలుసవ్వా."

"తెలిసి?"

"పంతం పట్టిన. నోరెత్తనని."

"ఛీ" అంది. అంతే. ఎన్ని తిట్లు వచ్చు ఆమెకు! ఒక్కటీ తిట్టలేదు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. షబ్బీర్ భాయ్ పక్కనే ఉండి అంతా విన్నాడు.

జులై 20, ఆదివారం

సెలవు రోజు షెడ్డు తెరిచి ఉంది. షబ్బీర్ భాయ్ పానాలు పెట్టెలో వేసి ఆటో ట్రాలీలోకి ఎక్కిస్తున్నాడు.

"భాయ్, నువ్వే గద నోరు మూసుకొమ్మన్నవ్!"

"అన్న. కోపంల అన్న. కోపంల అన్న మాటకు గింత పంతమా?" పెట్టె కింద పెట్టాడు. "పదిహేనేండ్ల సంది నేను ఏది జెప్పినా నువ్వు కాదంటవ్. నువ్వు కాదంటవని నేను ప్రతి బండిని రెండుసార్లు చూస్త. మొన్న నువ్వు ఏమనలే. నేను ఒక్కసారే చూసిన. చేను ఎట్లుంటదని గుడ అడగలే. నా చేతులతోనే బిగించి పంపిన సేటూ."

ఆయన కళ్లలో నీళ్లు. ఈ మనిషి బొటనవేలు సుత్తి కింద నలిగినప్పుడు కూడా ఏడవలేదు.

"నీ పక్కన ఇగ చెయ్య. భయమైతుంది."

ఇప్పుడు ఏదైనా మాట్లాడాలి. నాకే, రాజశేఖర్‌కే, మాట రాలేదు. ఇంటికొచ్చి ఈ డైరీని అటక మీదికి విసిరేశాను. తర్వాత నిచ్చెన వేసుకుని నేనే తెచ్చుకున్నాను.

జులై 22, మంగళవారం

ఉదయం 10:00. మిగిలిన సామాను కోసం షబ్బీర్ భాయ్ వచ్చాడు. ఇద్దరం మొహాలు చూసుకోలేదు. అప్పుడే ట్రాలీ మీద ట్రాక్టరు, వెనకే ఆటోలో అంజవ్వ! డిశ్చార్జి అయి ఇంటికి కూడా సరిగా వెళ్లినట్టు లేదు. నా దుకాణంలోని స్టూలు లాక్కుని షెడ్డు మధ్యలో వేసుకుంది.

"మీ అలకలు నాకెందుకు? నా పత్తిల గడ్డి మోకాళ్లదాక ఒచ్చింది. ఇద్దరు నా ముందట కొట్లాడున్రి, నేను వింట. ఎవ్వడన్న నోరు మూసుకుంటే గీ కట్టుతోనే కొడ్త."

మొదట్లో సిగ్గేసింది. పెళ్లిచూపుల్లో పాట పాడమన్నట్టుంది. మెల్లగా షబ్బీర్ భాయ్ మొదలుపెట్టాడు. "దూరం చక్రాలు పెట్టినా ఇరుసు నడుమ ఊగుతది. కొంత ఒరిగినంకనే ఆపుతది. అది ఉందని వాలు మీదికి పోతే గది గుడ పడ్తది."

నిజమే. ఈ ముక్క నేను పదిహేనేళ్లుగా ఒప్పుకోలేదు. నేను నాలుగు సాళ్ల సంగతి, ఆమె భర్త ఎడ్లు కట్టిన సంగతి చెప్పాను. దూరం చక్రాలు తిరగడానికి చోటు చాలదన్నాడు షబ్బీర్ భాయ్. నేను చివర రెండు గజాలు వదలమన్నాను. ఆయన గట్టిగా అరిచాడు. నేను ఇంకా గట్టిగా అరిచాను. ఆహా! పక్క దుకాణాలవాళ్లు కూడా వచ్చారు. 12:20 దాకా సాగింది.

అంజవ్వ చెయ్యెత్తింది. కట్టు ఉన్న చెయ్యి. "ఇగ సాలు, ఆపున్రి. దూరంయే పెట్టున్రి. ఆ నాలుగు సాళ్లు గడ్డికి ఇడిశిపెడ్త, బర్రెలు మేస్తయి. మా ఆయన ఎడ్లెందుకు గట్టిండో ఇయ్యాల తెలిసింది." కట్టు సర్దుకుంది. "గీ కొట్లాట గా దినమే కొట్లాడితే మీ సొమ్మేం పోయేది?"

షబ్బీర్ భాయ్ బయటికి వెళ్లి ఆటో ట్రాలీలోంచి పెట్టె దించాడు. నా వైపు చూడకుండానే "ఇరుసు దే సేటూ" అన్నాడు. నేను మోసుకొచ్చాను.

జులై 24, గురువారం. ఉదయం 8:00

మళ్లీ ఒకటో రోజు! కొత్త తీర్మానం, ఇరవై ఒక్క రోజులు. ఈసారి షరతు షబ్బీర్ భాయ్‌ది. ఆయన ఏ బండికి ఏది చెప్పినా నేను కాదనాలి. నమ్మినా, నమ్మకపోయినా. ఆయన ఉండాలంటే అదొక్కటే అట.

ఇంత సులువైన తీర్మానం ప్రపంచంలో ఎవరూ పెట్టుకుని ఉండరు. ఇది నేను నిద్రలో కూడా చేస్తాను!

11:05. నర్సయ్య అనే రైతు పాత ట్రాక్టరు తెచ్చాడు. షబ్బీర్ భాయ్ కిందికి వంగి చూసి, "దూరం చక్రాలే ఉండనియ్యి. బేరింగులు మార్చాలె, ఇంకేం లేదు" అన్నాడు.

అచ్చం నేను అనేదే! కాదనాలి. ఏమని కాదనాలి? వెతికాను. చెమట పట్టింది. అభ్యంతరాలు: సున్నా.

"అవును భాయ్" అనేశాను.

షబ్బీర్ భాయ్ ఆగిపోయాడు. "ఏంది? అవునా?" నన్ను చూశాడు. ట్రాక్టరును చూశాడు. మళ్లీ నన్ను చూశాడు. గోనెసంచి పరుచుకుని బండి కిందికి దూరాడు. పది నిమిషాలు బయటికి రాలేదు.

నర్సయ్య మొహం పాలిపోయింది. "సేటూ, నా బండికేమన్న పెద్ద బీమారా?"

"నేను అవునన్న. గదే బీమారి" అన్నాను.

షబ్బీర్ భాయ్ గ్రీజు మొహంతో బయటికి వచ్చాడు. "ఏం లేదు. మంచిగనే ఉన్నది" అన్నాడు. చేతులు కడుక్కుని అన్నం డబ్బా విప్పి ఇద్దరి మధ్యలో పెట్టాడు.

తీర్మానం మూడు గంటలు నిలిచింది. రేపు మళ్లీ ఒకటో రోజు. ఏం చెప్పినా కాదనాలి.