రూతు పనికి కుదిరింది

ఏమండీ,

మీరు పోయి నేటికి ఏడాది. సమాధుల తోటకు వెళ్దామని లేవబోయాను గాని, ఈ జ్వరం లేవనివ్వలేదు. నాట్లు మొదలైనా పనికి పోలేకపోయాను.

మన రూతు బడి మానేసి ఎదురింటి కాంతమ్మగారి గిన్నెలు తోముతోందని ఇవాళే తెలిసింది. ఎనిమిదేళ్ల పిల్ల. బూడిదకు దాని వేళ్లు పగిలిపోయాయి.

"ఎందుకు చేశావే?" అని గట్టిగా అడిగాను.

"నీకు జావ కాయాలిగా అమ్మా" అంది. నేను తాగుతున్న జావకు నూకలు ఆ డబ్బులతోనే కొన్నదట.

సాయంత్రం కాంతమ్మగారు గుమ్మం దగ్గరికి వచ్చారు.

"పిల్ల పని బాగుందమ్మా. నీళ్లు కూడా మోస్తే ఇంకో రెండు రూపాయలిస్తాను. నీకిష్టం లేకపోతే చెప్పు, వేమూరు నుంచి వేరే పిల్లను తెచ్చుకుంటాను."

దాన్ని చదివిస్తానని మీ చేతిలో చెయ్యివేసి చెప్పినదాన్ని. వద్దనడానికే నోరు తెరిచాను. ఇంట్లో గుప్పెడు గింజలు కూడా లేవు.

"పంపుతానండి" అన్నాను.

నేను ఒప్పుకున్నానని రూతు సంబరపడిపోయింది. తను మోయగలదో లేదో చూడమంటూ, మన ఖాళీ బిందె చంకనెత్తుకుని గదంతా తిరిగింది.