పైన్ చెట్ల సాక్ష్యంతో వంతెన అర్జీ

డెహ్రాడూన్

పెదనాయనకు వనజాక్షి నమస్కారాలు.

నా పరిశోధన ఫలించింది. సంతోషం పట్టలేక ముందు నీకే రాస్తున్నాను. దూర దేశంలో రెండు దీవుల మీద ఒకే జాతి పైన్ చెట్లున్నాయి. మధ్యలో జలసంధి, అంటే సన్నటి సముద్రపు పాయ. పుప్పొడి, గింజలు ఆ నీళ్లు దాటడం బహు తక్కువ. అందుకని ఈ గట్టు చెట్లకూ ఆ గట్టు చెట్లకూ జన్యువుల్లోనే తేడా వచ్చేసింది.

నీ కూతురు,
వనజ

తా.క. అమ్మకు నువ్వే చెప్పు. నేను చెబితే చెట్లకు జబ్బు చేసిందనుకుంది.

పులికాట్ దీవి

చి. వనజకు పెదనాయన ముత్యాలయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం సమయానికి అందింది. మన దీవికి వంతెన కావాలని ఏళ్ల తరబడి తిరుగుతున్నా ఆఫీసరు కదల్లేదు కదా. కొత్త అర్జీలో నీ మాట ఎక్కించాను: "మధ్యలో నీళ్లున్నందున మేము అవతలి గట్టు వాళ్లకంటే వేరే జాతి అయిపోతున్నాము. వంతెన వేసి కాపాడవలెను." దెబ్బకు ఆఫీసరు సూళ్లూరుపేట నుంచి స్వయంగా వస్తున్నాడు.

ఇట్లు,
ముత్యాలయ్య

తా.క. ఆ గట్టు వాళ్ల ముక్కులు వేరుగా ఉన్నాయని మీ పెద్దమ్మ అంకాలమ్మ కనిపెట్టింది. తన పుట్టిల్లు ఆ గట్టేనని నేను గుర్తు చేయలేదు.

డెహ్రాడూన్

పెదనాయనా,

కొంప ముంచావు. చెట్లలో ఆ తేడా రావడానికి వేల ఏళ్లు పట్టింది. పైగా మంచుయుగంలో సముద్రం తగ్గి, పాయ ఎండి, ఆ చెట్లు కలిసే ఉన్నాయి. మనుషులకు ఇది వర్తించదు. అర్జీ వెనక్కి తీసుకో. నా పేరు రాయలేదు కదా?

కంగారుతో,
వనజ

తా.క. మనిషి పడవెక్కి పోయి పెళ్లి చేసుకుంటాడు. చెట్టు పడవెక్కదు.

పులికాట్ దీవి

చి. వనజకు ఆశీస్సులు.

నీ పేరు మొదటి పేజీలోనే ఉంది, ఫోటోతో సహా. ఆఫీసరు దీవికి రాగానే నీ రెండో ఉత్తరం కూడా చూపించాను. "అయితే పాయ ఎండేదాకా ఆగండి" అన్నాడు. తర్వాత రెండు గట్ల వాళ్లనూ ఎదురెదురుగా నిలబెట్టి, తేడా చూపించమన్నాడు.

మీ పెద్దమ్మ ఊరుకుంటుందా? "ఈయన మా మేనమామ కొడుకు సార్. ఆమె మా వదిన. ఆ పిల్ల మా ఇంటికే కోడలుగా వచ్చింది" అని వరస కలపడం మొదలుపెట్టింది. చూస్తుండగానే అందరూ బావలూ మరదళ్లూ అయిపోయారు. అర్జీ నీళ్లపాలైందనుకున్నాను.

ఆఫీసరు మాత్రం పడవలోంచి దిగుతున్న చంటిబిడ్డ తల్లిని చూసి, "ఇంతమంది చుట్టాలు ఇట్లానే దాటుతుండారా?" అన్నాడు.

"గాలి లేస్తే ఎక్కడోళ్లం అక్కడే సార్" అన్నాను.

వంతెన వేయాలని అక్కడికక్కడే రాసి సంతకం చేశాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి తల్లీ. అంతా నీ చెట్ల చలవే.

ఇట్లు, ఆనందంతో,
ముత్యాలయ్య

తా.క. మీ పెద్దమ్మ తమ్ముడు శివ, వంతెన కాగానే రోజూ రాత్రి భోజనానికి మా ఇంటికే వస్తానని మాటిచ్చి పోయాడు. ఇన్నాళ్లూ పాయ అడ్డముండి బతికిపోయాను. ఒక్క మనిషిని మాత్రమే ఆపే జలసంధి నీ చదువులో ఎక్కడైనా ఉందేమో వెంటనే చూసి రాయి.