వెచ్చటి గోడ

మిర్యాలగూడ,
డిసెంబర్, 1987.

భిలాయిల ఉన్న మీకు ఆండాళు నమస్కారాలు. ఇక్కడ నేను, అత్తమ్మ, శోభ ముగ్గురం క్షేమం. ఎప్పుడూ ఉత్తరం మొదట్ల రాసే మాటే అయినా, ఈసారి అది నిజమైనంకనే రాయాలని ఇన్ని దినాలు కలం పట్టలే. గాడ చలి ఎక్కువంటరు, జాగ్రత్తగ ఉండండి. మీ చెల్లె నీలా అల్లిచ్చిన స్వెట్టర్ పెట్టెల దాచుకోకుండ్రి, తొడుక్కోండి.

మీరు అడిగినవాటికి జవాబులు రాస్తున్న. బర్రె ఈనింది, పెయ్యదూడ. ముంగటర్ర మీద పెంకులు సర్దిచ్చిన, ఇప్పుడు కురుస్తలేదు. శోభను వచ్చే ఏడు బడిల వేస్త. ఇంకా చిన్నదే గదా, తొందరేమున్నది.

ఇగ ఉత్తరం ఆఖర్ల మీరు రాసిన మాట. "అమ్మకు అన్నంల ఏం కలుపుతున్నవ్? నిజం రాయి" అన్నరు. పోస్టుమ్యాన్ ఇచ్చిపోంగనే గడపల నిలబడే సదివిన. అత్తమ్మ మంచం మీద కూసోని నా మొఖమే సూస్తుంది. ఉత్తరంల ఏమున్నదో ఆమెకు ముందే తెలుసనిపించింది. నీలాతోటి మీకు రాయించింది ఈమెనే అనుకున్న.

జరిగిందంత మొదటికెల్లి చెప్త. దసరా అయినంక కట్టెల పొయ్యి తీసేసి ఊక పొయ్యి పెట్టిన. మిల్లుల ఊక ఎంతంటే అంత దొరుకుతది. మంట ఆరినంక గూడ అది లోపల రాత్రంత రాజుకుంటనే ఉంటది, మీద బిందె పెడితే పొద్దునకు వేడినీళ్లు తయారుంటయి. మన పొగగొట్టం గోడలనే ఉన్నది గదా. మామయ్య ఇల్లు కట్టినప్పుడు మట్టి గొట్టాలు ఒకదాని మీద ఒకటి నిలబెట్టి, వాటి సుట్టు గోడ కట్టిచ్చిండంట. ఆ గోడకు అవతల చిన్నర్ర. రాత్రంత గోడ వెచ్చగుంటది, మోకాళ్లకు మంచిదని చలి మొదలుకాంగనే అత్తమ్మ తన మంచం గాడికి మార్చుకున్నది. గాలి రాకుండ కిటికీకి గోనెసంచి కట్టిచ్చుకున్నది.

అప్పటి నుంచే మొదలైంది. పొద్దున లేస్తే తల పగిలిపోతుందనేది. కక్కేది. కాళ్లు తేలిపోతున్నయని గోడ పట్టుకోని నడిచేది. పగటీలికి మంచిగయ్యేది, పొరుగోళ్లతోటి ముచ్చట గూడ పెట్టేది. ఒక పొద్దున కక్కి, మూతి తుడుసుకోని నా దిక్కు తిరిగింది.

"రాత్రి ఏం పెట్టినవే?"

"పప్పు, తోటకూర. నేను తిన్న, శోభ తిన్నది అత్తమ్మా."

"మీకేం కాలే. నాకే ఎందుకయితది?"

నేను నీళ్లు తెచ్చి ఆమె కక్కింది కడిగిన.

ఆనాటి నుంచి తన అన్నం తానే వండుకున్నది. అయినా కక్కింది. ఇగ నీళ్లల కలుపుతున్నదన్నది. తన చెంబు తానే కడుక్కోని, తానే తోడుకున్నది. అయినా తగ్గలే. నీలా కోదాడ నుంచి వచ్చి తోలుకపోయింది. గాడ పోయిన తెల్లారికే మంచిగయ్యిందంట. మళ్ల తెచ్చి దించినప్పుడు నీలా చెప్పులు గూడ విడవలే.

"మా ఇంట్లో ఉన్నన్నాళ్లూ అమ్మ తలనొప్పి అన్న మాట అనలేదు వదినా. ఇక్కడికొస్తేనే ఎందుకొస్తోంది? నువ్వే చెప్పు."

నేనిచ్చిన చాయ్ తాగలే. గిలాస మెట్టు మీద పెట్టి బస్సుకు టైమైతుందని పోయింది. ఎదురింటోళ్లు అంత సూసిన్రు. ఆనాటి నుంచి నేను పలకరిస్తే వాళ్లు జర ఆలోచించి మాట్లాడుడు మొదలుపెట్టిన్రు.

అనుమానం వాళ్లకే అనుకోకుండ్రి. నాకూ ఉండె. అత్తమ్మ కావాలనే చేస్తుందనుకున్న. మిమ్మల్ని పిలిపించుకోనీకో, నన్ను తుంగతుర్తిల మా అమ్మోళ్లింటికి పంపనీకో ఏషం వేస్తుందనుకున్న. ఆమె బయటికి పోయినప్పుడు బట్టల మూట విప్పి సూసిన. దిండు కింద సూసిన. వాంతులు రానీకి ఏమన్న మింగుతుందేమోనని నా ఆలోచన. వక్కలు, తమలపాకులు తప్ప ఏం లేకుండె. ఒకే ఇంట్ల ఇద్దరం ఒకరి చేతులు ఒకరు కనిపెట్టుకుంట బతికినం. నేను కుండ మూత తీస్తే ఆమె వచ్చి తలుపుల నిలబడేది. ఆమె కొంగుల చెయ్యి పెడితే నేను పని ఆపి సూసేదాన్ని.

మీ ఉత్తరం వచ్చిన రాత్రి శోభ నాయనమ్మ దగ్గర పండుకున్నది. తెల్లారి నేను వాకిలి ఊడ్చి, పాలు పిండుకోని వచ్చినా ఇద్దరూ లేవలే. తలుపు నెట్టిన. అత్తమ్మ మంచం మీదికెల్లి జారి కింద పడి ఉన్నది, గోడకు చెయ్యి ఆనించి లేవబోతుంది, చాతనైతలేదు. శోభ పండుకున్నట్టే ఉన్నది. ఎత్తుకుంటే మెడ వెనక్కి వాలిపోయింది. పిలిస్తే పలకలే. ఎత్తుకోని వాకిట్లకు ఉరికిన.

అత్తమ్మ దేకుకుంట గడపదాక వచ్చింది. "పిల్లకు పెట్టినవా? నీ పిల్లకు గూడ పెట్టినవా?" అని అరిచింది. అరిచి తానే ఆగిపోయింది. నా మొఖం దిక్కు అట్లనే సూసింది. ఇగ ఆ మాట మళ్ల నోట్లెకెల్లి రాలే. "రిక్షా! ఎవరన్న రిక్షా పిలువుండ్రి!" అని కేకలేసింది.

దవాఖానల శోభ మొఖానికి గాలి గొట్టం పెట్టిన్రు. నేను కాళ్లు పట్టుకోని కూసున్న. పగటీలికి కండ్లు తెరిచి, "అమ్మా, నీళ్లు" అన్నది. అత్తమ్మ అప్పటిదాక బల్ల మీద కూసోని ఉన్నది, ఆ మాట ఇని కొంగు నోట్ల కుక్కుకోని ఏడ్చింది.

డాక్టర్ మొదట ఏం తిన్నరని అడిగిండు. తర్వాత ఎక్కడ పండుకున్నరని అడిగిండు.

"అర్రల పొయ్యి ఉన్నదా?"

"లేదు సార్, గోడ అవతల ఉన్నది. ఊక పొయ్యి."

"పొగగొట్టం ఎట్లున్నది?"

"గోడలనే ఉన్నది. మామయ్య కట్టించింది."

ఆయన అన్నడు: "ఊకైనా బొగ్గైనా సగం మండి రాజుకుంటుంటే ఒక గాలి పుడతది. దానికి రంగు లేదు, వాసన లేదు. మూసిన అర్రలకు వస్తే మనిషి నిద్రలనే పోతడు. ఇల్లు సూసుకోండి ముందు."

నేను ఆయన మాట గూడ నమ్మలే. కండ్లకు కనపడని గాలి ఏంది, నా మీద జాలిపడి ఏదో చెప్తుండు అనుకున్న. శోభను ఇంటికి తెచ్చినంక ఎదురింటామెకు అప్పజెప్పి, అత్తమ్మను చిన్నర్ర తలుపు దగ్గర నిలబెట్టిన. పొగ కండ్లకు కనపడాలని పొయ్యిల తడి గడ్డి వేసి ఊదిన. "ఏమన్న కనపడుతుందా అత్తమ్మా?" అన్న. తలుపుల నిలబడే గోడంత ఎతికి సూసింది. తర్వాత, "ఆండాళూ, గిటురా" అన్నది. ఆమె మంచం తలాపున, బట్టల కొయ్యల ఎనకాల సున్నం ఉబ్బి పగిలి ఉన్నది. ఆ పగుల్లకెల్లి పొగ సన్నగ, దారం లెక్క వస్తుంది. అత్తమ్మ దగ్గరికిపోయి దానికి చెయ్యి అడ్డం పెట్టింది. తీసి వాసన సూసుకున్నది. నా చెయ్యి పట్టుకున్నది.

ఐలయ్య మేస్త్రిని పిలిచినం. గోడ పగలగొడితే లోపల మట్టి గొట్టాలు మసికి తినుకపోయి, ముట్టుకుంటే పొడైతున్నయి. అతుకుల సున్నం ఎప్పుడో రాలిపోయింది. పైన పిట్టగూడు పడి సగం దారి మూసుకపోయింది. "సెడిపోయినవి రెండు మారిస్తే సాలదా?" అని అడిగిన, ఎక్కువ పని చెప్తుండేమోనని. "సగం మారిస్తే మిగిలిన సగంలకెల్లి వస్తదమ్మా" అన్నడు. అన్నీ తీయించిన. ఈసారి గొట్టం గోడల వద్దని, బయట నుంచి కప్పు మీదికి సిమెంటు గొట్టాలు నిలబెట్టిచ్చిన. ఒక్కొక్క అతుకు దగ్గర నేనే నిలబడి సూసుకున్న. గోనెసంచి తీసి పారేసిన. మన వాడకట్టుల పాత ఇండ్లోళ్లు గూడ చలి ముదరకముందే గోడలు తట్టి సూపిచ్చుకుంటున్నరు. రెండిండ్లల్ల గొట్టాలు ఇట్లనే పాడైనయంట. నీలా వచ్చి శోభను సూసి పోయింది. నా మొఖం దిక్కు సూడలేకపోయింది.

ఇంతదాక రాసిన గని ఒక్కటి దాచిన. అది రాయకుంటే నాకు నిద్రపట్టది.

ఆ రాత్రి శోభ నాయనమ్మ దగ్గరికి తనంతట తాను పోలే. నేనే పంపిన. మీ ఉత్తరం సదివినంక నా మనసు మనసుల లేకుండె. అత్తమ్మ కంచంలనే శోభకు తినిపించిన, ఆమె చెంబుల నీళ్లే తాపిన, ఆమె పక్కన్నే పండబెట్టిన. పొద్దున పిల్ల నవ్వుకుంట లేస్తే, మీ అమ్మ దొంగ ఏషాలేస్తుందని మీకు రాద్దామనుకున్న. శోభ నా దగ్గరే పండుకుంటనని జర ఏడ్చింది గూడ. నేనే తలుపు దగ్గరికేసి వచ్చిన.

ఇది అత్తమ్మకు చెప్పిన. "నేనెందుకు రానిచ్చిననుకున్నవ్?" అన్నది. "నేను వండుకున్న దాంట్ల గూడ నువ్వు కలుపుతున్నవనే అనుకున్న; పిల్ల నా కంచంల తింటే నువ్వు అందుల ఏం కలపవని, ఆ పూటకు ధైర్యంగ తినొచ్చని." ఇద్దరం ఆ పసిదాన్ని అడ్డం పెట్టుకున్నం. ఒకరికొకరం ఏం చెప్పుకుంటం? అట్లనే కూసోని ఏడ్చినం.

తప్పు మీ మీద వెయ్యను. కాని నా మీద మళ్ల ఎప్పుడన్న అనుమానమొస్తే కాగితం మీద అడగకుండ్రి. రైలెక్కి వచ్చి, నా ఎదురుంగ కూసోని అడగండి.

శోభకు ఏం భయం లేదని డాక్టర్ చెప్పిండు. అది ఆడుతుంది, తింటుంది. ఇప్పుడు ముగ్గురం ముంగటర్రల తలుపు తీసిపెట్టుకోని పండుకుంటున్నం. పొద్దున నేను, అత్తమ్మ ముందే లేచి దాని పక్కన కూసుంటం. అది కండ్లు తెరిచేదాక ఇద్దరం మాట్లాడం.

ఇట్లు,
మీ శోభ తల్లి,
ఆండాళు.