నాలుగో నెల తూకం

1968 జూలై 7, ఆదివారం
తార్నాక. యూనివర్సిటీ లైబ్రరీ మెట్ల దగ్గర్నుంచి వానలో నా వెంటే వచ్చేసింది. ఆడ కుక్కపిల్ల. గోధుమ రంగు. ఒక చెవి పైకి, ఒకటి కిందికి.
ఇంటి యజమానురాలు ప్రమీలమ్మ గేటు దగ్గరే ఆపింది.
"చిన్నగుంటె ఉంచుకోండ్రి సారూ. దూడంత అయితదంటె మాత్రం నా బీరపాదు మిగలదు. ఎంతయితదో ముందే చెప్పుండ్రి."
లెక్కల లెక్చరర్‌ని. ఈ మాత్రం చెప్పలేనా!
జువాలజీ కొండలరావు సూత్రం: నాలుగో నెలలో ఎంత తూగితే, పెద్దయ్యాక దానికి రెట్టింపు. దీనికిప్పుడు ఆరు వారాలుంటాయట. పెద్దయ్యాక పదిహేను కిలోలు దాటుతుందని తేలితే ఇచ్చేస్తానని ప్రమీలమ్మకు మాటిచ్చాను.
తీర్మానాలు: పేరు పెట్టను. ఇంట్లోకి రానివ్వను. మమకారం పెంచుకోను.

జూలై 8
సికింద్రాబాద్ స్టేషన్. బరువు యంత్రం మీద పిల్ల నిలబడదు. ముందు నేనొక్కణ్ణే ఎక్కాను: 52. ఎత్తుకుని ఎక్కాను: 54. పిల్ల రెండు కిలోలు. అద్భుతం! ఇకనుంచి ఎత్తుకుని ఎక్కడం, 52 తీసేయడం. నా బరువు తెలిసిందే కదా, ప్రతిసారీ రెండు నాణేలెందుకు?
యంత్రం ఇచ్చిన చీటీ మీద జోస్యం: "మితాహారం మేలు." మా ఆవిడ కామాక్షి పోయినప్పటినుంచి టీ, బ్రెడ్డుతో గడుపుతున్నవాడికి!

జూలై 19
వాన. వరండా అంతా జల్లు. ఈ ఒక్క రాత్రికి లోపల.
నేను తింటే గాని అది తినదు. చూస్తూ కూర్చుంటుంది. చేసేది లేక పొయ్యి వెలిగించాను. పప్పు, అన్నం. ఇద్దరం తిన్నాం.
పేరు పెట్టలేదు. "ఇదిగో" అంటే చాలు, పరుగెత్తుకొస్తుంది. కామాక్షిని కూడా పదిహేడేళ్లు అలాగే పిలిచాను.

ఆగస్టు 4
ఇద్దరం కలిసి 58. అంటే పిల్ల ఆరు కిలోలు! నాలుగు వారాల్లో మూడింతలు!
పాదాలు చూస్తే చిన్నవే. కొండలరావు నవ్వాడు. "తల్లి సంగతి వదిలేయండి మాస్టారూ, తండ్రి ఏ సర్కస్‌లో పనిచేస్తాడో కనుక్కోండి."
బెంగతో నాలుగు బిస్కెట్లు ఎక్కువ తిన్నాను.

ఆగస్టు 25
మూడు ఆదివారాలుగా తూచలేదు. స్టేషన్లో రద్దీ.
రద్దీ ఉంటుందని ఇంట్లోంచే ఊహించాను.

సెప్టెంబర్ 15, ఆదివారం
నాలుగో నెల. తప్పదు.
64.
పిల్ల పన్నెండు. పెద్దయితే ఇరవై నాలుగు. బీరపాదే కాదు, ప్రమీలమ్మ కూడా మిగలదు.
మాట మాటే. మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్‌లో గార్డు పేరయ్యకు కాపలాకు పెద్ద కుక్క కావాలట. "ఇరవై నాలుగు కిలోలా! భేష్ మాస్టారూ!" అప్పగించాను. వెనక్కి తిరిగి చూడలేదు.

అదే రోజు, రాత్రి
ఇంటికి బస్సు కోసం స్టేషన్ దాకా నడిచాను. అలవాటుగా యంత్రం ఎక్కి నాణెం వేశాను. ఒంటరిగా.
58.
మళ్లీ వేశాను. మళ్లీ 58.
అరవై నాలుగులో దానిది ఆరే! పెద్దయితే పన్నెండు!
మెట్టుగూడకు పరుగు. "పేరయ్యగారూ, లెక్క తప్పింది. అది పెద్దది కాదు. నేను లావయ్యాను!"
ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "నాకు లావు మాస్టారు అక్కర్లేదండీ. మీ పిల్లని మీరు పట్టుకుపోండి."
ఎత్తుకోగానే ఇదిగో నా చొక్కా గుండీ ఒకటి తినేసింది.

సెప్టెంబర్ 16
ప్రమీలమ్మకు లెక్కంతా వివరించాను. కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.
"పన్నెండు కిలోలంటె ఒప్పుకున్న. గది సరే గని సారూ, మీరెంత దాంక పెరుగుతరో గా లెక్క సుత చెప్పుండ్రి. నా గేట్ల పట్టాలె గద!"
నేటినుంచి మళ్లీ మొదలు. తూకం విడివిడిగా. పేరు పెట్టను. మంచం మీదికి రానివ్వను. రాత్రి అన్నం మానేస్తాను.

రాత్రి 8 గం.
"ఇదిగో, నాకు ఆకలి లేదు, నువ్వు తిను" అన్నాను. దాని గిన్నె ముందు కూర్చుని నా ఖాళీ కంచం వైపు చూసింది. మెతుకు ముట్టలేదు.
రేపటినుంచి మానేస్తాను.