ఆడవాళ్ల గదికి ఏ లెన్సు

ఆపా,

నువ్వు పోయాక నేను ఒప్పుకున్న మొదటి పెళ్లి ఇవాళ ముత్తుకూరులో జరిగింది. మగ ఫొటోగ్రాఫర్లను రానివ్వని ఆడవాళ్ల గదిలోకి, ఇన్నేళ్లూ నువ్వు వెళ్లిన చోటికి, నేనొక్కదాన్నే వెళ్లాను.

బ్యాగులో రెండు లెన్సులున్నాయి. నీ యాభై ఎం.ఎం. పెడితే ఎదుటివాళ్ల పక్కనే వెళ్లి కూచోవాలి. కూచుంటే నీ సంగతి అడుగుతారు. అందుకని పెద్ద జూమ్ తగిలించి గుమ్మం దగ్గరే నిలబడ్డాను. కెమెరా ఎత్తగానే గదిలో చున్నీలన్నీ మొహాల మీదికొచ్చాయి.

పెళ్లికూతురి అమ్మమ్మ, అందరూ నానీ అని పిలిచే ఆమె, కోప్పడింది. "ఏందమ్మే, అంత దూరం నుంచి మా మీద గురి పెడతా ఉండావు? మీ అక్కయితే ముందు పక్కన కూచోని, షర్బత్ తాగి, ఆ తర్వాత గదా తీసేది. ఏదీ, రాలేదా?"

"వెనకాల వస్తా ఉంది నానీ" అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

అక్కడే లెన్సు మార్చుకుని వెళ్లి ఆమె పక్కన కూచున్నాను. ఆమె ఇంకొంచెం జరిగి నీక్కూడా చోటు చేసింది. చున్నీలు దిగాయి. పెళ్లికూతురు నవ్వింది. ఫోకస్ మాత్రం కుదరలేదు. లెన్సు తుడిచి చూశాను. మసక లెన్సుది కాదు.

రేపు పెళ్లికొడుకు వాళ్ల వలీమా విందు. రెండు లెన్సులూ ముందు పెట్టుకుని కూచున్నాను. జూమ్ తీసుకెళ్తే వాళ్లు మొహాలు చూపించరు. యాభై తీసుకెళ్తే నువ్వెందుకు రాలేదో నానీకి చెప్పాలి.

ఏది తీసుకెళ్లమంటావు ఆపా? ఒక్క మాట చెప్పు.