పెద్దాయన ముద్ద

రాచర్ల,
ఆదివారం

బావకు,

స్వర్ణ నమస్కారాలు. ఇక్కడ అందరం బాగున్నాం. నువ్వూ ఆ ఆసుపత్రి మంచం మీద కుదురుగా ఉన్నావని తలుస్తాను. ఒంటికైతే ఎవరికీ ఏమీ కాలేదు. అది ముందే చెబితే మిగతాది నిమ్మళంగా చదువుతావని చెబుతున్నాను. మనసు సంగతి మాత్రం అడగొద్దు. తర్లుపాడు వెళ్ళి వచ్చినప్పటి నుంచి కంచం ముందు కూర్చుని, అన్నం కలుపుకోవడం మరిచిపోయి అట్లాగే ఉండిపోతున్నాను.

ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్ చేస్తే మామ స్పీకర్ పెట్టి అరుగు మీద ఉన్నవాళ్ళందరికీ వినిపిస్తాడు. మిలిటరీ కొడుకు గొంతు ఊరంతా వినాలి ఆయనకు. నువ్వూ అందుకే కదా ఉత్తరం రాశావు!

అందులో నువ్వు రెండు అడిగావు. మోకాలు ఇక మునుపట్లా పనికిరాదని, ఒప్పుకుంటే ఇంటికి పంపేస్తామని డాక్టర్లు అంటున్నారు, ఒప్పుకోనా వద్దా అనేది మొదటిది. ఈ మాట ఇంట్లో ఎవరికీ చెప్పొద్దని కింద గీత కూడా గీశావు. మన పెద్దలు ఏ యుద్ధం తర్వాత, ఎందుకు గుండ్లకమ్మ అవతలి పాతూరు వదిలి ఇక్కడికి వచ్చారో కనుక్కోమన్నది రెండోది. పక్క మంచం అతను అడిగితే నీళ్ళు నమిలావట. రెండోదాని కోసం వెళితే మొదటిదానికి జవాబు ఎదురవుతుందని నేను కలలో కూడా అనుకోలేదు బావా.

ముందు రాయి సంగతి చెబుతాను. మామ మార్కాపురంలో చెక్కించిన నల్లరాయి వచ్చింది. దాని మీద మన వంశానికి మూలమైన పెద్దాయన గుర్రం మీద కత్తి ఎత్తి ఉన్నాడు. ఆయన గుర్రం ఎక్కాడో గాడిద ఎక్కాడో చూసినవాళ్ళు లేరు గానీ, బొమ్మ మాత్రం బాగుంది. 'యుద్ధంలో ప్రాణమిచ్చి వంశానికి నెత్తురు మాన్యం తెచ్చిన వీరుడు' అని రాయించాడు. చచ్చిన సిపాయి ఇంటివాళ్ళకు రాజు ఇచ్చే భూమిని నెత్తురు మాన్యం అంటారని నీకు తెలిసిందే. మన కంది చేను అదే కదా. ఏ రాజు ఇచ్చాడంటే మాత్రం మామ చెప్పిన ప్రతిసారీ రాజు మారిపోతాడు.

రాయి కింది సగం ఖాళీగా ఉంది. "ఇంత చోటు ఎందుకు వదిలిపెట్టించినావు మామా?" అని అడిగాను.

"మన శ్రీకాంత్ పేరుకు! ఎప్పటికైనా వాని పేరు ఎక్కాల గదా. మన వంశంలో యుద్ధానికి పోయి వెనక్కి వచ్చినోడు లేడు," అన్నాడు మీసం దువ్వుకుంటూ.

నీ ఉత్తరం అప్పుడు నా రవికలోనే ఉంది. అత్త పక్కనే సజ్జలు చెరుగుతోంది. ఆమె చేట ఆగను కూడా ఆగలేదు.

ఆ వారమే వాన పడింది. విత్తనం వేసే రోజు దగ్గర పడేసరికి అత్త నాకు పెద్దాయన ముద్ద పెట్టే పద్ధతి నేర్పింది. కొత్త కోడలికి ఈ ఏటి నుంచి అది నా పనట. కంది విత్తిన సాయంత్రం దొడ్డివాకిట్లో చెంబుతో నీళ్ళు, విస్తరిలో సజ్జ సంగటి, మజ్జిగ, ఉల్లిపాయ పెట్టాలి. పక్కన మడతపెట్టిన గొంగడి, ఒక చేతికర్ర ఉంచాలి. తర్వాత తలుపు మూసేయాలి. ఎవరు పిలిచినా పలకకూడదు.

"చచ్చిపోయినాయనకు కాళ్ళు కడుక్కోను నీళ్ళెందుకు అత్తా? కర్ర ఎందుకు?" అన్నాను. మా నాయన పోయినప్పుడు నువ్వులు, పిండాలు, కాకులు చూశాను గానీ ఇటువంటివి చూడలేదు. ఇవి దూరం నడిచి వచ్చిన మనిషికి పెట్టేవి కదా!

"మా అత్త పెట్టింది, నేను పెట్టినా, నువ్వు పెట్టు. అడిగేదేంది?" అని కసిరింది.

నాకు నిద్ర పట్టలేదు. మామ వాళ్ళ పెద్దమ్మ వెంకటరత్నమ్మ అవ్వ తర్లుపాడులో కూతురి దగ్గర ఉంది కదా. ఈ ఇంటి కోడళ్ళలో ఆమే పెద్దది. చూసి వస్తానని చెప్పి గిద్దలూరులో బస్సెక్కాను. అవ్వకు చూపు పోయింది, నోరు మాత్రం భద్రంగా ఉంది. నేను కర్ర గురించి అడగగానే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మీ అత్త ఎన్నడూ అడగలా. అడిగిన కోడలికే చెప్పమని మా అత్త నాతో చెప్పింది. ఆయన సచ్చిపోయినాడని కబురొచ్చింది, తలపాగా తెచ్చి ఇచ్చినారు. కర్మంతరాలు చేసినారు. రాజు రాచర్ల మెట్టలో చేను ఇచ్చినాడు. కానీ ఎవరూ పాతూరు ఇడిసి కదల్లా. పారే నీళ్ళు ఇడిసి ఈ మెట్టకు ఎవరొస్తారు? అంతలో ఒక గొర్రెలాయన చెప్పినాడంట, మీవోడు బతికే ఉండాడు, కాలు ఇరిగి కుంటుకుంటా వస్తాండాడు అని."

"సంతోషమే గదా అవ్వా?"

"పిచ్చిదానా! సచ్చినోనికి ఇచ్చిన చేను, బతికొస్తే ఉంటదా? తెల్లారేసరికి బండ్లు కట్టినారు. వాని మొగం ఎరిగినోళ్ళు లేని చోటికి వచ్చినారు. చేని కోసం రాలేదమ్మా మనోళ్ళు. వానికి కనపడకుండా పారిపోయి వచ్చినారు."

ఆయన అడుగుకుంటూ అడుగుకుంటూ ఇక్కడికే వచ్చాడట బావా. ఆ రోజే తొలి విత్తనం వేశారు. బయట నిలబడి "అమ్మా" అని పిలిచాడు. ఆయన అన్న లోపల తలుపుకు వీపు ఆనించి, "ఈ ఇంట్లో ఆ పేరున్నోడు సచ్చిపోయినాడు, కర్మంతరాలు గూడా అయినాయి" అన్నాడట. తల్లి దొడ్డిదారిన వెళ్ళి నీళ్ళు, సంగటి, గొంగడి, కర్ర పెట్టి వచ్చింది. ఆయన కాళ్ళు కడుక్కుని, తిని, కొండవైపు వెళ్ళిపోయాడు. ఏటేటా అదే రోజు అవి అట్లాగే పెట్టమని ఆ తల్లి కోడలితో ఒట్టు వేయించుకుంది.

"తర్వాత ఏమైనాడు అవ్వా?"

"అడవోళ్ళు చేరదీసినారు. గూడెంలోనే పెండ్లి చేసుకున్నాడు. ఏటా మీ దొడ్లో ముద్ద ఎత్తుకపోయేది ఎవరనుకుంటివి?"

మన దాసయ్య! కొండ గూడెం నుంచి తేనె తెచ్చి వాకిట్లో నిలబడితే మామ "ఒరే దాసా" అని దూరం నుంచే చేట చాపే దాసయ్య. దానం చేస్తున్నామని ఇన్నాళ్ళు గొప్పలు పోయాము. ఆ పెద్దాయన వంశం వాడే, వరసకు నీకు అన్నో, బాబాయో! బస్సులో కంభం దాటేదాకా ఆ వరసలే వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. కోప్పడకు. శుక్రవారం కంది విత్తారు. సాయంత్రం అన్నీ పద్ధతి ప్రకారమే పెట్టాను. తలుపు మాత్రం మూయలేదు. గడప మీద కూర్చున్నాను. చీకటి పడుతుండగా దాసయ్య, ఆయన భార్య నాగమ్మ వచ్చి, నన్ను చూసి వెనక్కి తగ్గారు.

"లోపలికి రా, పెద్దయ్యా," అన్నాను.

దాసయ్య తలుపు వైపు చెయ్యి చూపించాడు. "ఈ తలుపు మేము తట్టకూడదు తల్లీ, మా ముసలాయన మాట అది. తీసి పిలిస్తే పోండి అన్నాడంట. ఇన్నేండ్లు ఎవరూ పిలవలా," అన్నాడు. నాగమ్మ కళ్ళు తుడుచుకుని ఆయన చెయ్యి పట్టి లోపలికి లాక్కొచ్చింది.

వాళ్ళు వసారాలో సంగటి తింటుండగా మామ చేని నుంచి వచ్చాడు. "ఏందిది? ఎవరు రానిచ్చినారు?" అని అరిచాడు. అత్త గరిటతోనే వసారాలోకి వచ్చింది. నేను అవ్వ చెప్పినదంతా ఒక్క ఊపిరిలో చెప్పేశాను. అంతటితో ఆగాల్సింది, ఆగలేకపోయాను. నువ్వు గీత గీసిన మాట కూడా బయటపెట్టేశాను.

"వెనక్కి వచ్చినోడు ఉన్నాడు మామా. మనమే తలుపు తీయలా. ఇప్పుడు నీ కొడుకు కాలు చెడి, ఇంటికి రానా అని అడుగుతాండాడు. ఏం రాయమంటావు? కర్మంతరాలు అయినాయని రాయనా?"

చెంప పగులుతుందనుకున్నాను. మామ గోడ పట్టుకుని కూలబడ్డాడు. దాసయ్యే లేచి, చేయి కడుక్కుని, ఆ చెంబులో నీళ్ళు ఆయనకు తాగించాడు.

నిన్న మామ రాయి నిలబెట్టడానికి వచ్చినవాళ్ళను చేయి ఊపి పంపించేశాడు. అత్త నాతో పలకడం లేదు గానీ, రాత్రి నా పళ్ళెంలో నెయ్యి వేసింది. ఈ పొద్దున మామ దొడ్లో కూర్చుని వెదురు కర్ర ఒకటి చెక్కుతున్నాడు. నేను కళ్ళాపి చల్లుతుంటే తల ఎత్తకుండానే అడిగాడు.

"వానికి దెబ్బ తగిలింది ఏ కాలికి?"

నీకు దెబ్బ తగిలిన నాటి నుంచి మళ్ళీ డ్యూటీకి ఎప్పుడు పోతావనే తప్ప ఆయన ఈ మాట అడగలేదు బావా. "ఎడమది" అన్నాను. ఏడుపు వచ్చేసింది.

కర్ర పట్టు నున్నగా చెక్కి, తానే రెండడుగులు కుంటి చూసుకున్నాడు. ఈ ఇంట్లో చేతికర్ర ఎప్పుడూ వాకిలి బయటే పెట్టారు. ఈ కర్రను మామ లోపలికి తెచ్చి, తలుపు వెనక ఆనించాడు. డాక్టర్లతో ఒప్పుకుని వచ్చేయి.

ఇట్లు,
గడప మీద కూర్చుని ఎదురుచూసే
నీ మరదలు, నీ భార్య
స్వర్ణలత